నెల్లిమర్ల రోడ్డు మిలట్రీ మాస్టారి గ్రౌండ్: డిస్‌క్వాలిఫై కాకుండా ఎలాగో నేర్పే కోచింగ్

విజయనగరంలో పోలీసు కానిస్టేబుల్ ఫిజికల్స్‌కి, అంటే పరుగు, లాంగ్ జంప్ లాంటి పరీక్షలకి, కోచింగ్ అంటూ కట్టిన ఫ్లెక్సీలకి కొదవ లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి తలెత్తితే చాలు, ఏ కరెంటు స్తంభానికి చూసినా ఖాకీ డ్రెస్సులో ఎవరో కుర్రాడు సెల్యూట్ కొడుతూ కనిపిస్తాడు. నేను రాస్తున్నది ఫ్లెక్సీ కూడా లేని చోటు గురించి. నెల్లిమర్ల వెళ్లే దారిలో లేఅవుట్ వేసి, రాళ్లు పాతి, అమ్ముడుపోక వదిలేసిన జాగా ఒకటుంది. అందులో ఆర్మీ నుంచి రిటైరై వచ్చిన ఒకాయన పొద్దున్నే పిల్లల్ని పరిగెత్తిస్తారు. బోర్డు లేదు, పేరు లేదు, అందరూ మిలట్రీ మాస్టారి గ్రౌండ్ అంటారు. మా చెల్లి అక్కడ చేరింది. దింపడానికీ తీసుకురావడానికీ బండి మీద వెళ్లేది నేనే కాబట్టి గట్టు మీద కూర్చుని చూసినవన్నీ ఇక్కడ రాస్తున్నా. ఫీజు నెలకి 1500. పుస్తకాల కోచింగ్ ఇందులో లేదు, అది వేరేచోట చూసుకోవాలి.

టైం పొద్దున్న అయిదు. అయిదంటే అయిదే, అయిదుంపావుకి వచ్చినవాళ్లు ఆ రోజు పరిగెత్తరు, నాతోపాటు గట్టు మీద కూర్చుంటారు. సున్నంతో గీసిన 200 మీటర్ల ట్రాక్, ఎనిమిది రౌండ్లు కొడితే పదహారు వందలు. అసలు ట్రాక్ 400 ఉంటుంది, ఇక్కడ మలుపులెక్కువ కాబట్టి టైం కాస్త ఎక్కువే పడుతుంది, అదీ మంచికేనంటారు మాస్టారు, ఇక్కడ గట్టెక్కినవాడు అక్కడ ఎలాగూ గట్టెక్కుతాడని. పోయిన నోటిఫికేషన్ లెక్క ప్రకారం 1600 మీటర్లు మగపిల్లలకి 8 నిమిషాలు, ఆడపిల్లలకి 10 నిమిషాల 30 సెకన్లు. వంద మీటర్లయితే 15 సెకన్లు, 18 సెకన్లు. లాంగ్ జంప్ 3.80 మీటర్లు, 2.75 మీటర్లు. మాస్టారు వీటిని ఇంకొంచెం బిగించి పెడతారు. పరుగు నేర్పడం వరకూ ఎవరైనా ఇంచుమించు ఇలాగే నేర్పుతారు, దాని గురించి ఇంతకంటే రాయడానికేం లేదు.

ఈ గ్రౌండ్‌కి వెళ్లమని చెప్పేది ఆయన లెడ్జరు చూసి. కిరాణా కొట్టులో అప్పు పద్దులు రాసేలాంటి పొడుగాటి పుస్తకం, ఎర్ర అట్ట, చెమట చేతులు తగిలి మూలలు మెత్తబడిపోయాయి. రెండు వారాలకోసారి ఆదివారం మాక్ టెస్ట్ పెడతారు, అందులో ఒక్కొక్కరికీ ఒక్కో వరుస. టైం రాయాల్సిన గడిలో టైం ఉంటుంది, లేదంటే మూడు మాటల్లో ఒకటి ఉంటుంది: డీఎన్ఎస్ (డిడ్ నాట్ స్టార్ట్), డీఎన్ఎఫ్ (డిడ్ నాట్ ఫినిష్), డీక్యూ (డిస్‌క్వాలిఫైడ్). అథ్లెటిక్స్ ఫలితాల్లో ఎక్కడైనా ఇవే రాస్తారట. అసలు రానివాడికి మొదటిది, మధ్యలో ఆగిపోయినవాడికి రెండోది, పరుగు పూర్తిచేసినా లెక్కలోంచి కొట్టేసినవాడికి మూడోది. టైం చాలనివాడికి ఈ మూడింట్లో ఏదీ పడదు, వచ్చిన టైమే రాసి పక్కన ఇంటూ పెడతారు. అన్నీ నీలం పెన్నుతో, డీక్యూ ఒక్కటే ఎర్ర పెన్నుతో, దాని పక్కనే కారణం. "విజిల్‌కి ముందే కదిలాడు." "లోపలి గీత తొక్కాడు." "పక్కవాడిని మోచేత్తో నెట్టాడు." "చెస్ట్ నంబర్ కనపడలేదు." "ఎదురు మాట్లాడాడు" అని కూడా ఒకటి చూశాను, అది ఏ రూల్ బుక్కులో ఉందో ఆయనకే తెలియాలి.

మాక్ అయ్యాక అందర్నీ కింద కూర్చోబెట్టి ఎర్ర వరుసలు ఒక్కొక్కటే పైకి చదువుతారు. గజపతినగరం వైపు కుర్రాడొకడు, గాలిలా వస్తాడు, ఆరు నిమిషాల లోపే కొట్టేశాడు. మలుపు దగ్గర లోపలికి కోసేశాడని డీక్యూ పడింది. వాడికి కోపమొచ్చింది. "సార్, నాకంటే లేటుగా వచ్చినోళ్లు పాసు, నేను ఫెయిలా?" అన్నాడు. మాస్టారు లెడ్జరు వాడి మొహం మీదకి తిప్పి, "ఫెయిలని ఎవుడన్నాడ్రా నిన్ను? ఫెయిలైనోడికి టైమన్నా రాస్తన్నాను. నీకాడ టైమేది? చూసుకో. నువ్వసలు పరిగెత్తినట్టే లేదు ఇందులో" అన్నారు. వాడు వంగి ఆ గడిలోకి చూసి ఇంకేం మాట్లాడలేదు. తర్వాత వారం నుంచి మలుపు దగ్గర వాడి కాళ్లు చూడాలి, గీతకి బెత్తెడు బయటే పడుతున్నాయి.

మామూలుగా మనవాళ్లు ఏది పోయినా డిస్‌క్వాలిఫై అయిపోయాననే అంటారు. ఎత్తు చాలకపోయినా అదే మాట, మార్కులు తగ్గినా అదే మాట. ఈయన దగ్గర అలా కుదరదు. మగపిల్లలకి 167.6 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, అంత లేదంటే ఆ ఉద్యోగానికి అర్హత లేదన్నమాట, అందులో ఎవరి తప్పూ లేదు, ఏడ్చినా ఎత్తు పెరగదు. పరిగెత్తి టైం దాటితే ఫెయిల్, ఇంకా బాగా పరిగెత్తి మళ్లీ రావచ్చు. అర్హత ఉండి, సత్తా ఉండి, రూలు తప్పి పోగొట్టుకుంటే అది డీక్యూ. మొదటిదానికి మందు లేదు, రెండోదానికి ప్రాక్టీసు, మూడోదానికి రూల్స్ కాగితం చదవడం, అందుకని ఆయన దాన్ని కూర్చోబెట్టి చదివిస్తారు. నోటిఫికేషన్ పీడీఎఫ్ ప్రింటు తీసి అట్ట వేసుకుని రమ్మంటారు, ఒక్కోరోజు పరుగు ఆపేసి మరీ ఒక పేజీ చదివిస్తారు. పిల్లలకి ఇది నచ్చదు. నాకు నచ్చింది.

గట్టు మీద నా పక్కన కూర్చునే డెంకాడ పెద్దాయన ఒకరున్నారు, మనవడి కోసం వస్తారు. ఆయన డిస్‌క్వాలిఫై అనే మాట విన్నప్పుడల్లా పంచాయతీ ఎన్నికల్లోకి వెళ్లిపోతారు. ఇద్దరు పిల్లల కంటే ఎక్కువ ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఉండేది కదా, దాని దెబ్బకి వాళ్ల ఊళ్లో సర్పంచి అవ్వాల్సినవాళ్లు ఎందరు ఇంట్లో కూర్చున్నారో కథలు కథలుగా చెబుతారు. 2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది. "ఇప్పుడు తీసేసి ఏటి లాభం బాబూ, మా వయసైపోయింది" అంటారు. ఆయనే ఇంకో మాటన్నారు, బాగుంది. పోటీకే పనికిరావనడం ఒకటి, గెలిచి కుర్చీలో కూర్చున్నవాడిని దింపేయడం ఇంకొకటి, పేపరువాళ్లు మాత్రం రెండింటికీ అనర్హత అనే రాస్తారని. నిజమే. పార్టీ ఫిరాయించిన ఎమ్మెల్యే మీద అనర్హత వేటు అంటే 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు, అది పోయేది ఉన్న పదవి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం రెండేళ్లో, ఆ పైనో జైలుశిక్ష పడితే ఉన్న పదవీ పోతుంది, శిక్ష పూర్తయ్యాక ఇంకో ఆరేళ్లు పోటీకీ వీల్లేదు. సరే, ఇది కోచింగ్ రివ్యూ కాబట్టి ఇక్కడితో ఆపుతా, లేకపోతే పెద్దాయనలా నేనూ గంటసేపు రాస్తాను.

మాస్టారు ఆటల్లోంచి చెప్పే ఉదాహరణల్లో పిల్లలు నోరు తెరుచుకుని వినేది మత్స సంతోషి సంగతి. ఈ రోడ్డు పట్టుకుని పోతే వచ్చే నెల్లిమర్ల మండలంలోనే కొండవెలగాడ, వెయిట్‌లిఫ్టర్ల ఊరు, ఆమెదీ అక్కడే. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం వచ్చింది. స్వర్ణం గెలిచింది నైజీరియా అమ్మాయి చికా అమలాహా, వయసు పదహారు. డోప్ పరీక్షలో దొరికింది, అదీ బలం పెంచే మందుతో కాదు, ఒంట్లో నీరు తీసేసే మాత్రలతో, నిషేధిత మందుల జాబితాలో అవీ ఉంటాయి. ఆమె ఫలితం కొట్టేశారు. పాపువా న్యూగినీకి చెందిన డికా టువాకి స్వర్ణం, మన సంతోషికి రజతం, నాలుగో స్థానంలో ఉన్న మన దేశపు స్వాతి సింగ్‌కి కాంస్యం వెళ్లాయి. "మనూరి పిల్ల ఆ రోజు ఒక్క కిలో కూడా ఎక్కువ ఎత్తలేదు, అయినా పతకం రంగు మారింది. పైనోడు చెరిగిపోతే కిందోడు పైకొస్తాడు. రేపు మీరు చెరిగిపోయినా అంతే, మీ వెనకోడు నవ్వుకుంటా ఎక్కుతాడు" అంటారు. మా చెల్లి ఇంటికొచ్చి అమ్మకి కూడా ఇదే చెప్పింది, అమ్మ ఆ నైజీరియా పిల్ల కోసం అయ్యో పాపం అంది.

ఇక మా ఇంటి సంగతి. మా చెల్లికి పరుగు ఇబ్బంది లేదు, ఎత్తు ఇబ్బంది లేదు, బరువు ఇబ్బంది. ఆడపిల్లలకి 152.5 సెంటీమీటర్ల ఎత్తుతో పాటు 40 కిలోలు తగ్గకూడదు. చేరినరోజు బియ్యం బస్తాలు తూచే కాటా మీద నిలబెడితే ముల్లు 39 దాటి, 40 గీతకి అవతలికి మాత్రం వెళ్లలేదు. నేను "దగ్గరదగ్గర నలభయ్యే కదండీ" అన్నాను. ఆయన నవ్వలేదు, కుస్తీ పట్టే వినేశ్ ఫోగాట్ సంగతి ఎత్తారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆమెది 50 కిలోల విభాగం, ఒకే రోజు మూడు కుస్తీలు గెలిచి ఫైనల్‌కి వెళ్లింది, ఆ రోజుకి బరువు సరిగ్గానే ఉంది, మర్నాడు పొద్దున్న తూస్తే 100 గ్రాములు ఎక్కువ. ఫైనల్ ఆడనివ్వలేదు సరికదా, ముందురోజు గెలిచినవి కూడా లెక్కలోకి రాకుండా చిట్టచివరి స్థానంలో వేశారు. అప్పీలుకి వెళ్తే కొట్టేశారు. "వంద గ్రాములంటే రెండు గుడ్లు బాబూ" అన్నారు మాస్టారు. ఆమెకి ఎక్కువై పోయింది, మా చెల్లికి తక్కువై పోయేలా ఉంది.

ఇలాంటిచోట చాలామంది చెప్పే చిట్కా, తూకానికి ముందు రెండు లీటర్ల నీళ్లు తాగెయ్, అరడజను అరటిపళ్లు తినెయ్ అని. ఈయన ఆ మాట ఎత్తితే తిడతారు, కడుపు నిండా నీళ్లు పోసుకుని ఆ తర్వాత పరుగెలా పెడతావు, డొక్క పట్టేస్తే డీఎన్ఎఫ్ రాయించుకుంటావా అని. పొద్దున్న గ్రౌండ్ నుంచి వెళ్లగానే చోడి (రాగి) అంబలి, రెండు గుడ్లు, సాయంత్రం నానబెట్టిన వేరుశనగ గుళ్లు, రాత్రి అన్నం మానొద్దు, ఇంతే. చెల్లి అంబలి మొహం చూస్తే వాంతి అనేది, ఇప్పుడు సీసాలో పోసుకుని గ్రౌండ్‌కే తెచ్చుకుంటోంది. ప్రస్తుతం 41 పైచిలుకు. కాటా కూడా నమ్మొద్దని చెప్పారు, వేరే రెండుచోట్ల తూయించాం, తేడా ఉంటుందట, అందుకని 40 మీద కనీసం కిలో మిగులు ఉంచుకోమన్నారు.

చేరేముందే ఆయన చేసే ఇంకో పనికి నేను ఎక్కువ మార్కులేస్తాను. బకెట్లో నీళ్లు పెట్టి కాలు ముంచమని, పక్కనున్న సిమెంటు పలక మీద అడుగు వేయిస్తారు. తడి ముద్రలో మడమకీ వేళ్లకీ మధ్య లోపలివైపు ఖాళీ కనపడాలి. మొత్తం పాదం అచ్చు పడితే చదునుపాదం. తర్వాత మోకాళ్లు దగ్గరకి చేర్చి నిలబడమంటారు, రంగు చుక్కల్లో అంకెలుండే పుస్తకం చూపిస్తారు. చదునుపాదం, మోకాళ్లు ఒరుసుకోవడం, మెల్లకన్ను, రంగులు గుర్తుపట్టలేకపోవడం, ఇవన్నీ నోటిఫికేషన్‌లో రాసే ఉంటాయి, ఎవరూ చదవరు. 2022 నవంబరులో 6100 పోస్టుల నోటిఫికేషన్ పడితే ప్రిలిమ్స్ 2023 జనవరిలో, ఫైనల్ ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. అన్నేళ్లు తిరిగి చివర్లో మెడికల్ దగ్గర తెలిస్తే ఆ ఇంటి పరిస్థితి ఏమిటి? అనుమానం వస్తే ఈయన ఫీజు తీసుకోరు, ముందు డాక్టరుకి చూపించుకుని రా అంటారు. మా కళ్ల ముందే ఒకబ్బాయిని అలా పంపించేశారు, వాడి నాన్న గొడవపడ్డాడు కూడా.

దొంగదారులు ఎలా బెడిసికొడతాయో కూడా చెబుతారు. 2022లో మహబూబ్‌నగర్‌లో పోలీసు ఫిజికల్స్‌కి వచ్చిన ఒకామె ఎత్తు కోసం జుట్టులో ఎం-సీల్ ముద్ద పెట్టుకుని దొరికిపోయింది. ఇది చెప్పినప్పుడు గ్రౌండంతా నవ్వు. నవ్వు ఆగాక అటెస్టేషన్ ఫారం తీస్తారు, అక్కడ ఎవరికీ నవ్వు రాదు. మీ మీద కేసులేమైనా ఉన్నాయా అనే గడి. మా పక్కవీధి కుర్రాడు వేరే కోచింగ్‌లో, ఏదో ఒకటి, ఏసీ హాలు ఉన్నది, హాస్టల్‌తో కలిపి బోలెడు డబ్బు పోశాడు. ఊరి జాతరలో కొట్లాట కేసు ఒకటి వాడి మీద ఉంది. అక్కడివాళ్లు "లేదు అని రాసెయ్, ఎవరు చూస్తారు" అన్నారట, రాసేశాడు, ఇప్పుడు కాగితాల మధ్య నలుగుతున్నాడు. మిలట్రీ మాస్టారు దీని మీద ఒక పూట తీసుకున్నారు. చిన్న కేసయితే అధికారులు దాన్ని చూసీచూడనట్టు వదిలే వీలుంటుంది, దాస్తే మాత్రం ఆ దాచడమే ఉద్యోగం పోవడానికి కారణం కావచ్చు, ఈ తేడా మీద సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో వివరంగా చెప్పిందని ఆయన ఎవరో లాయరుని పిలిపించి మరీ చెప్పించారు. 1500కి ఇదీ వచ్చిందంటే నేనైతే ఫీజు గిట్టుబాటైందనే అంటాను.

ఫాల్స్ స్టార్ట్ మీద ఆయన పట్టుదల కాస్త ఎక్కువే. 2010 నుంచి అంతర్జాతీయ పోటీల్లో ఒక్కసారి ముందు కదిలితే చాలు, ఇంటికే. 2011లో దక్షిణ కొరియాలోని డేగూలో ప్రపంచ చాంపియన్‌షిప్ వంద మీటర్ల ఫైనల్లో బోల్ట్ అంతటివాడే అలా వెళ్లిపోయాడు. గ్రౌండ్‌లోనూ ఆ రూలే పెట్టారు. కానీ దాంతోపాటు ఇంకోటి కూడా నేర్పుతారు, అది నాకు బాగా పట్టింది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో, పక్క లేన్ చైనా అమ్మాయి వూ యాన్ని ముందు కదిలితే ఈమెకి కూడా ఎర్ర కార్డు చూపబోయారు. ఈమె అక్కడే నిలబడి అడిగింది. ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు, తర్వాత వీడియోలు చూసి వూ యాన్నిని కొట్టేశారు, జ్యోతి కాంస్యం రజతమైంది. అందుకని ఇక్కడ మాక్‌లో డీక్యూ పడినవాళ్లు ఎందుకని అడగొచ్చు, మర్యాదగా అడగాలి, అక్కడికక్కడే అడగాలి, కారణం చూపించాకా వాదిస్తే మాత్రం ఇందాక చెప్పిన "ఎదురు మాట్లాడాడు" పడుతుంది. గట్టిగా ఒక్క మాట మాట్లాడని మా చెల్లి మొన్న వెళ్లి "సార్, గీత తొక్కింది నేను కాదు, నా వెనకున్న అక్క" అని చెప్పి తనకి పడిన డీక్యూ తీయించుకుని వచ్చింది.

ఇక తిట్లు. ఆడపిల్లలకి బాత్రూం లేదు. రోడ్డుకి అటుపక్క ఇంటావిడ మంచిది కాబట్టి సరిపోతోంది, ఎన్నాళ్లని వాళ్లింటికి వెళ్తారు? మాస్టారికి చెబితే "చూద్దాం" అంటారు, నెలలుగా చూస్తూనే ఉన్నారు. తాగడానికి నీళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. లైటు ఒక్కటే, చలికాలంలో అటువైపు మలుపు చీకటిగా ఉంటుంది, కుక్కలున్నాయి. స్టాప్‌వాచ్ ఒక్కటే, వందమీటర్లకి ముగ్గురు నలుగురు ఒకేసారి వస్తే ఆయన కన్ను మీదే ఆధారం, డీక్యూకి అంత కచ్చితంగా ఉండే మనిషి టైం దగ్గర ఇలా ఉండటం నాకు నచ్చలేదు, మొహం మీదే అన్నాను. నోరు కూడా పెద్దది. మగపిల్లల్ని ఒరేయ్, ఎదవా అని, ఆడపిల్లల్ని మాత్రం తల్లీ, అమ్మడూ అని. అందరినీ ఒకేలా తిట్టమని మా చెల్లి కోరిక. వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే దేవుడి బొమ్మలు పెడతారు, ముఖ్యమైన మెసేజీ వాటి మధ్యలో ఎక్కడో ఉంటుంది, వెతుక్కోవాలి.

అయిదుకి నాలుగు ఇస్తాను, తగ్గించిన ఒకటీ బాత్రూందే. ఈవెంట్స్‌కి ఇంకా నెలే ఉంది, గబగబా టైం తగ్గించేయాలి అనుకునేవాళ్లకి ఇది సరిపడదు, ఆయన మొదటి రెండు వారాలు గీత తొక్కకుండా పరిగెత్తడమే చేయిస్తారు, మీకు టెన్షన్ పెరుగుతుంది. నోటిఫికేషన్ ఇంకా పడనప్పుడు చేరితేనే ఉపయోగం. పార్వతీపురం, కురుపాం వైపు నుంచి వచ్చి ఇక్కడ రూము తీసుకుని చేరిన పిల్లలు కూడా ఉన్నారు. ఏజెన్సీ ప్రాంతం గిరిజన అబ్బాయిలకి ఎత్తు 160 చాలు, దానికి కావాల్సిన సర్టిఫికెట్ ముందే తెచ్చిపెట్టుకోమని వాళ్లకి ఆయన వేరేగా చెబుతుంటారు. చేరాలనుకుంటే ఆదివారం మాక్ అయ్యే టైంకి, ఏడున్నర ప్రాంతంలో వెళ్లండి, లెడ్జరు చదివేటప్పుడు కూర్చుని వింటే మీకు పనికొస్తుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. ముందురోజు రాత్రి వాన పడితే మాత్రం వెళ్లొద్దు, ఆ జాగా అంతా బురదైపోతుంది, క్లాసు ఉండదు.